నెల తప్పిన రోజులు

21 నవంబరు 1982, ఆదివారం

చెప్పొద్దన్నాను. పొద్దున్న జడ వేసుకుంటూ కూడా మళ్ళీ అన్నాను. అయినా గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళకి అత్తయ్య లేచి నిలబడింది. కొంగు తలమీదకి లాక్కుని, "మా లీలావతికి నాలుగో నెలండి. పెళ్ళయిన ఆరేళ్ళకి దేవుడు మా ఇంటివైపు చూసేడండి" అంది. ఆడవాళ్ళంతా నావైపు తిరిగేరు. పాస్టరు అయ్యగారు కళ్ళజోడు తీసి స్తోత్రం అన్నారు. నేను తల దించుకుని చాప అంచు పీకుతూ కూర్చున్నాను. సిగ్గనుకుని ఉంటారు.

సిగ్గు కాదు. భయం. ఎందుకు భయం? ఆయన ఆగస్టు ఇరవై రెండున మస్కట్ వెళ్ళేరు. నాకు ఆఖరిసారి అయ్యింది ఆగస్టు అయిదున. మూడు నెలల పదహారు రోజులు. లెక్క సరిగ్గానే ఉంది.

ఇదివరకు కూడా మూడు నెలలు, ఒకసారి అయిదు నెలలు, రాకుండా ఉన్నమాట నిజమే. అప్పుడు ఆయన ఊళ్ళో లేరు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఇది వేరు. చింతకాయ పచ్చడి వాసనకి నోరూరుతోంది. పొద్దున్న లేవగానే కళ్ళు తిరుగుతున్నాయి. ఒళ్ళు కూడా చేసేను. ఇది వేరు.

గడ్డం కింద మళ్ళీ నాలుగు వెంట్రుకలు. తలుపు వేసుకుని పీకేసేను. కడుపుతో ఉన్నవాళ్ళకి అలా మొలుస్తాయేమో. ఎవర్ని అడగను?

30 నవంబరు

మా బడిలో మూడో తరగతి చెప్పే భూలక్ష్మి, "అమలాపురంలో లేడీ డాక్టరుగారికి ఓసారి చూపించుకో లీలా" అంది. క్రిస్మస్ వెళ్ళేక చూపించుకుంటానన్నాను. ఇప్పుడే ఎందుకు? అన్నీ బాగానే ఉన్నాయి కదా.

అత్తయ్య పాత చీరలన్నీ ఉతికి, చింపి, మడతలు పెట్టి ట్రంకుపెట్టెలో దాచింది. బొంతలకట.

8 డిసెంబరు

నడుము నొప్పి. నిన్న నీళ్ళబిందె ఎత్తేను, అందుకే.

10 డిసెంబరు

పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. ఏడో ఎక్కం సగంలో ఉండగా తడి తెలిసింది. కుర్చీలోంచి లేవలేకపోయేను. పిల్లల్ని బయటికి పంపించి భూలక్ష్మి తన కొంగు నా చుట్టూ కప్పి రిక్షా ఎక్కించింది.

ఇంటి దగ్గర అత్తయ్య నీళ్ళు కాచింది.

14 డిసెంబరు

అమలాపురం వెళ్ళేం. డాక్టరమ్మ చాలాసేపు చూసేరు. పరీక్ష చేయించేరు. తర్వాత మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పేరు.

"పోవడానికి ఏమీ లేదమ్మా. గర్భం అసలు రాలేదు. ఇది ఆలస్యంగా వచ్చిన నెలసరే."

"నాలుగు నెలలండి" అంది అత్తయ్య, డాక్టరమ్మ లెక్క తప్పినట్టు.

"అదే జబ్బు. అండాశయాల మీద చిన్నచిన్న నీటిబుడగలు కట్టి ఉంటాయని నా అనుమానం. నెలకో గింజ పండి బయటికి రావాలి. ఈవిడకి పండకుండానే ఆగిపోతోంది. అందుకే నెల తప్పుతోంది. ఆ గడ్డం కింద వెంట్రుకలూ, ఈ ఒళ్ళూ, అన్నీ దాని మూలంగానే."

ఆవిడ గడ్డం అనగానే నా చెయ్యి దానంతటదే పైకి వెళ్ళింది. రోజూ పీకుతూనే ఉన్నాను. అయినా కనిపించిందన్నమాట.

ఖాయంగా తెలియాలంటే పొట్ట తెరిచి చూడాలట. మాత్రలున్నాయి గాని, మీవారు దగ్గరుంటేనే వాటివల్ల ప్రయోజనం అన్నారు. మావారు వచ్చేది మళ్ళీ రెండేళ్ళకి.

మా ఊరి మలుపులో బస్సు దిగేసరికి గుడికి వచ్చే ఆడవాళ్ళు నలుగురు ఎదురొచ్చేరు. "ఏమన్నారు దానమ్మా?" అని అత్తయ్యని అడిగేరు. నేను నోరు తెరిచే లోపల అత్తయ్య నా ముందుకొచ్చి నిలబడింది.

"పోయిందమ్మా. నాలుగో నెల్లో పోయింది. పిల్ల కళ్ళు తిరిగి పడింది. ఏమీ అడక్కండి దాన్ని" అంది.

చుట్టాలొచ్చి పిలిస్తే, ఇంట్లో ఉండి లేనని చెప్పడం కూడా చేతకాని మనిషి. ఆ నలుగురూ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఒకావిడ నన్ను కావలించుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. పోయినట్టే ఏడ్చేను.

17 డిసెంబరు

ఆయనకి ఉత్తరం రాసేను. పోయిందని రాసేను. అత్తయ్య చెప్పిందే రాసేను, అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాయలేదు.

19 జనవరి 1983

ఉత్తరం వచ్చింది. ఆయన ఎప్పుడూ ఒక పేజీయే రాస్తారు. ఇది మూడు పేజీలు. తనతో ఉండే మలయాళీలు ఆ రోజు వంట చెయ్యలేదట. ఆడపిల్లయితే కరుణ అని పేరు పెడదామనుకున్నారట. నాకెప్పుడూ చెప్పలేదు. "నువ్వు బాధపడకు, నీ ఆరోగ్యం చూసుకో" అని మూడుచోట్ల రాసేరు.

అత్తయ్య చదివి వినిపించమంది. పేరు దగ్గర చదవలేకపోయేను.

30 జనవరి, ఆదివారం

అత్తయ్య ఇదివరకు గుడిలో ముందు వరసలో, అయ్యగారి ఎదురుగా కూర్చునేది. ఈమధ్య గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని కూర్చుంటోంది. నాకోసం ఆడిన అబద్ధానికి సిగ్గుపడుతోందనుకుంటాను. నేనే అడగాలి. ఏమని అడగను?

5 ఫిబ్రవరి

భూలక్ష్మి వాళ్ళ వదినకి కొత్తపేట గోవిందరాజులుగారి మందుతో నెలసరి కుదిరిందట. వెళ్దామా అని అత్తయ్యని అడిగేను. "ప్రార్థన చాలదా?" అంది. కాసేపయ్యేక, "ఆ వైద్యుడు మనల్ని అరుగెక్కనిస్తాడా?" అంది. అసలు సంగతి అదీ.

12 ఫిబ్రవరి, రెండో శనివారం

రావులపాలెం బస్సెక్కి కొత్తపేటలో దిగేం. పెంకుటిల్లు, ముందు పెద్ద అరుగు. డెబ్బై ఏళ్ళ మనిషి, బనీను మీద కండువా. మమ్మల్ని చూడగానే, "రండమ్మా, లోపలికి రండి" అన్నారు. అత్తయ్య రానంది. అరుగు కింద మెట్టు మీద కూర్చుండిపోయింది.

మా ఇంటిపేరు, ఊరు, గుడి, అన్నీ అడిగేరు. మేం ఎవరిమో తెలిసింది. అయినా చెయ్యి చాపమన్నారు. మూడు వేళ్ళు నా మణికట్టు మీద పెట్టి కళ్ళు మూసుకుని కూర్చున్నారు. తర్వాత అడగడం మొదలెట్టేరు. ఎన్నేళ్ళప్పుడు పెద్దమనిషివయ్యేవు, ఎన్నాళ్ళకొకసారి వస్తుంది, ఎన్నాళ్ళుంటుంది, పగలు నిద్రపోతావా, తీపి తింటావా, ఎంతదూరం నడుస్తావు. గడ్డం సంగతి నేనే చెప్పేను. ఒక మగమనిషికి చెబుతానని ఎప్పుడూ అనుకోలేదు. కాలిమీద కురుపు గురించి విన్నట్టు విన్నారాయన.

"ఇది మా పుస్తకాల్లో కూడా ఉందమ్మా" అన్నారు. "ఋతువు సరిగ్గా నడవనివాళ్ళు, చెంపల మీద నూగు వచ్చేవాళ్ళు, ఒళ్ళు చేసేవాళ్ళు. పాతకాలంలో రాసిపెట్టేరు."

"అప్పుడు కూడా ఉన్నారా అండి?"

"ఆయ్. అప్పుడు కూడా ఉన్నారు."

నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకో తెలీదు. అన్నేళ్ళ కిందట ఎవరో ఒకావిడ కూడా తలుపేసుకుని అద్దంలో చూసుకుని ఉంటుంది కదా అనిపించింది. ఆయన నీళ్ళు తాగమని చెంబు ఇచ్చి, ఏడవడం అయ్యేదాకా ఊరుకున్నారు.

"మీ ఊరి కాలవలో గుర్రపుడెక్క చూసేవు కదా. అది పెరిగిపోతే నీళ్ళున్నా కదలవు. నీ లోపల కూడా అంతే. నీళ్ళు లేవని కాదు, దారి మూసుకుంది. గుర్రపుడెక్క ఒకసారి తీసేస్తే పోతుందా? పోదు. తీస్తూనే ఉండాలి. ఇదీ అంతే. నువ్వు చూసుకున్నన్నాళ్ళు దారి ఉంటుంది. మానేస్తే మళ్ళీ మూసుకుంటుంది."

"పిల్లలు పుడతారా అండి?"

"నేను మాట ఇవ్వను. ఎవరైనా ఇస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళకు. నెలసరి దారిలో పెట్టడానికి చూస్తాను. ఇంకో మాట. ఇది నీ తప్పు కాదు, ఎవరి శాపం కాదు. ఒంటి తత్వం. ఆ డాక్టరమ్మ చెప్పిందీ నేను చెప్పేదీ ఒకటే, మాటలు వేరు."

నువ్వులు వేయించి కాచిన కషాయం, కలబంద గుజ్జుతో చేసిన మాత్రలు, పడుకునే ముందు త్రిఫల చూర్ణం. రాత్రి అన్నం మాని రాగిపిండితో చోడిరొట్టె. వారానికి మూడురోజులు ఉలవలు. పెరుగు, బెల్లం, కొబ్బరి తగ్గించాలి. పగలు కునుకు తియ్యకూడదు. పొద్దున్నే గంటసేపు చెమట పట్టేలా నడవాలి. "మందు కంటే నడక ముఖ్యం" అని రెండుసార్లు చెప్పేరు. నెలసరి వచ్చినప్పుడల్లా తేదీ రాసుకోమన్నారు. కడుపుతో ఉన్నాననే అనుమానం వస్తే మందులన్నీ వెంటనే ఆపి డాక్టరమ్మకి చూపించుకోమన్నారు.

బయటికి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, అత్తయ్యని చూసి, "మీరు కూడా ఓసారి లోపలికి రండమ్మా. మొహం పాలిపోయి ఉంది" అన్నారు.

"నాకేంటండి" అంది అత్తయ్య.

"ఎండలో వచ్చేం కదండీ, అందుకు" అన్నాను నేను.

బస్టాండు దగ్గర అత్తయ్య మందు సంగతి అడగలేదు. "చెయ్యి పట్టుకుని చూసేడా?" అంది.

"చూసేరు."

"మధ్యన గుడ్డ అడ్డం వేసుకోలేదా?"

"లేదత్తయ్యా."

అత్తయ్య చిన్నప్పుడు జ్వరం వస్తే వాళ్ళమ్మ ఎత్తుకుని ఎవరో వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళిందట. అతను అరుగుమీంచి ఆకులో పొడి వదిలేడట. గాలికి సగం ఎగిరిపోయిందట. "మా అమ్మ కిందపడ్డది కూడా ఏరింది" అంది.

బస్సు గన్నవరం వంతెన దాటుతుండగా, "ఇంతకీ ఏమన్నాడు?" అని అడిగింది. నాకు అలసటగా ఉంది. అన్నీ సరవుతాయన్నారని చెప్పేను.

3 మార్చి

నడక. కాలవగట్టున లాకుల దాకా వెళ్ళి రావడం. మొదటిరోజు మధ్యలో కూర్చుండిపోయేను. ఇప్పుడు కూర్చోవడం లేదు. కషాయం కాచేది అత్తయ్యే. ప్రార్థన చాలదా అన్న మనిషి, నా కంటే ముందు లేచి నువ్వులు వేయిస్తోంది.

9 మార్చి

కొబ్బరి వెయ్యని కూర తిన్నాం. కోనసీమలో కొబ్బరి వెయ్యని కూర! అత్తయ్య కూడా అదే తింది. "మీరెందుకు మానడం?" అంటే, "ఇద్దరికి రెండు కూరలు ఎవరొండుతారు" అంది.

27 మార్చి

వచ్చింది. డిసెంబరు తర్వాత ఇప్పుడు.

అత్తయ్యకి చెబితే పొయ్యి దగ్గర మోకాళ్ళమీద కూర్చుని, "స్తోత్రం తండ్రీ, స్తోత్రం" అని ఒకటే ఏడుపు. నెలసరి వస్తే ఎవరైనా అంత ఏడుస్తారా?

3 మే

ముప్పయ్యేడు రోజులు.

5 జూన్

ముప్పయి మూడు.

రెండు జాకెట్లు వదులయ్యేయి. అత్తయ్య జాకెట్లు కూడా వదులయ్యేయి. చోడిరొట్టె తింటే ఎవరైనా చిక్కుతారు అని నవ్వుకున్నాం.

22 జూన్

నడక నుంచి తిరిగొస్తుంటే రేవులో అత్తయ్య ఒక్కర్తీ బట్టలు ఉతుకుతోంది. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. ఇంత పెందలాడే ఎందుకంటే, పొద్దెక్కితే రేవు ఖాళీ ఉండదంది. నిన్న కూడా ఉతికింది. మొన్న కూడా.

ట్రంకుపెట్టె ఏదో వెతుకుతూ తెరిచేను. బొంతలకని దాచిన పాతచీరల మడతలు సగం లేవు. ఎవరికైనా ఇచ్చేసిందేమో. నాకు చెప్పలేక. మంచిదే. నాకు వాటిని చూడాలని లేదు.

5 జూలై

ముప్పయి రోజులు!

గోవిందరాజులుగారి దగ్గరికి వెళ్ళి రోజులు రాసిన కాగితం చూపించేను. ఆయన నాలుగో తరగతి లెక్క సరిచూసినట్టు వేలితో లెక్కపెట్టి, "నీ కష్టమేనమ్మా" అన్నారు. అత్తయ్యని కూడా రమ్మన్నాను. బస్సు ప్రయాణం పడటంలేదంది.

3 ఆగస్టు

ఇరవై తొమ్మిది. అత్తయ్యకి చెబితే ఈసారి ఏడవలేదు. మంచంమీంచి లేవకుండానే నా చెయ్యి తీసుకుని కళ్ళకి అద్దుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

1 సెప్టెంబరు

ఇరవై తొమ్మిది. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. జీవితంలో వరసగా రెండు నెలలు ఇలా ఎప్పుడూ రాలేదు. ఆయనకి పెద్ద ఉత్తరం రాసేను. ఈసారి మీరు వచ్చేసరికి, అని మొదలుపెట్టి ఆ వాక్యం కొట్టేసేను.

18 సెప్టెంబరు, ఆదివారం

గుడి నుంచి వస్తూ కాలవగట్టు మీద అత్తయ్య పడిపోయింది. ఎత్తబోతే తెల్లచీర వెనకంతా రక్తం.

19 సెప్టెంబరు

రాయాలి. ఇది మొత్తం రాయాలి.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పదేళ్ళ కిందటే ఆగిపోయింది. "ఎప్పట్నించి అత్తయ్యా?" అని అడిగేను.

"జనవరి నించి."

తొమ్మిది నెలలు. నా పక్క మంచంలో. నేను కాగితం మీద నా రోజులు రాసుకుంటున్నాను.

"ఎందుకు చెప్పలేదు?"

గోడవైపు తిరిగి చెప్పింది. "నీకోసం అబద్ధం ఆడేను కదమ్మా, గుడివాళ్ళ దగ్గర. ఆ పాపం నీకు తగలకూడదని రోజూ ప్రార్థన చేసేను. ఆ పిల్లకి రావలసింది రానియ్యి తండ్రీ, తీసుకోవలసింది నా ఒంట్లోంచి తీసుకో, అని. నెల తిరగలేదు, నాకు మొదలయ్యింది. విన్నాడనుకున్నాను. తర్వాత నీకు కూడా కుదిరింది. ఇరవై తొమ్మిది, ఇరవై తొమ్మిది అని నువ్వొచ్చి చెబుతుంటే ఇంక నేనెలా ఆపుకోను? మందేసుకుని నాది ఆపితే నీది ఆగిపోదూ?"

నేను అరిచేను. అత్తయ్యమీద ఎప్పుడూ అరవలేదు. "అది కషాయం అత్తయ్యా! నడక! నాలో దారి మూసుకుంటే ఆయన తెరిచేరు, అంతే. మీది వేరు. మీది జబ్బు. ఒకదానికీ ఒకదానికీ ఏ సంబంధం లేదు" అని, గుర్రపుడెక్క సంగతి, నీటిబుడగల సంగతి, పాతపుస్తకంలో ఆడవాళ్ళ సంగతి, అన్నీ చెప్పేను. ఆయన నాకు ఎలా చెప్పేరో అలా, ఒక్కొక్కటీ.

అత్తయ్య అంతా విని, "నువ్వివన్నీ నాకు చెప్పలేదు కదమ్మా" అంది.

చెప్పలేదు. గన్నవరం వంతెన మీద అడిగింది. అలసటగా ఉందని అన్నీ సరవుతాయన్నాను.

కాసేపటికి మళ్ళీ అంది, చిన్న గొంతుతో. "మరయితే నేను ఊరికే పోగొట్టుకున్నానన్నమాట."

20 సెప్టెంబరు

టాక్సీలో కొత్తపేట తీసుకెళ్ళేను. గోవిందరాజులుగారు అరుగు దిగి కారు దగ్గరికే వచ్చేరు. అత్తయ్య చెయ్యి పట్టుకుని చూసేరు. రెండు ప్రశ్నలే అడిగేరు.

"ఇది నా చేతిలోది కాదు. నా దగ్గర ఒక్క పూట కూడా ఆపకండి. ఈ కారులోనే కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళిపోండి" అన్నారు. నన్ను పక్కకి పిలిచి, "ఫిబ్రవరిలో నేను ఇంకోసారి పిలవాల్సింది" అన్నారు. ఆయన కళ్ళు చూడలేకపోయేను. ఎండ అని చెప్పింది నేను.

దారిలో అత్తయ్య తన మణికట్టు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది.

24 సెప్టెంబరు, కాకినాడ

గర్భసంచిలో పుండు. క్యాన్సరు. ముదిరిపోయిందన్నారు. ఆపరేషన్‌కి దాటిపోయింది. విశాఖపట్నం తీసుకెళ్ళి కరెంటు, అదే రేడియేషన్, పెట్టించమన్నారు. జనవరిలోనే వస్తే, అన్నాడు ఒక కుర్ర డాక్టరు. పెద్ద డాక్టరు అతనివైపు చూసేసరికి ఆగిపోయేడు.

ఆయనకి టెలిగ్రాం ఇచ్చేను. కంపెనీవాళ్ళు పంపడంలేదని జవాబు.

16 అక్టోబరు, విశాఖపట్నం

పన్నెండోసారి కరెంటు. ఒళ్ళు కమిలిపోయింది. వరండాలో పడుకుంటున్నాం. క్యాంటీను ఇడ్లీ, క్యాంటీను అన్నం. నడక లేదు.

29 నవంబరు

ఇంటికొచ్చేసేం. ఇంక చేసేదేమీ లేదన్నారు.

నాకు అక్టోబరులో రాలేదు. నవంబరులో రాలేదు. గడ్డం కింద మొలుస్తున్నాయి. పీకే ఓపిక లేదు.

12 జనవరి 1984

అత్తయ్యకి ఈరోజు కొంచెం తెలివిగా ఉంది. గంజి రెండు చెంచాలు తాగింది. దగ్గరికి రమ్మంది.

"నీకు నెల సరిగ్గా వస్తోందా?"

సెప్టెంబరు ఒకటి తర్వాత నాకు రాలేదు. నాలుగు నెలలు దాటింది.

"వస్తోందత్తయ్యా. ఇరవై తొమ్మిదో రోజుకే."

"చూసేవా" అంది.

మొహం అంతా విప్పారింది. సెప్టెంబరులో నేను చెప్పినవన్నీ, బుడగలూ, దారీ, కషాయమూ, అన్నీ మరిచిపోయిందో, మరిచిపోవాలనుకుందో. తను ఇచ్చింది తండ్రి పుచ్చుకున్నాడనే అనుకుంటోంది. నిజం చెప్పాల్సిన రోజు ఒకటి ఉండేది. అది ఇవాళ కాదు.

6 ఫిబ్రవరి

అత్తయ్య పోయింది. తెల్లవారుజామున, నేను నీళ్ళు తేవడానికి వెళ్ళి వచ్చేలోపల.

9 ఫిబ్రవరి

భూలక్ష్మి వచ్చి వంట చేసి వెళ్ళింది. కొబ్బరి వేసింది. తిన్నాను.

17 ఫిబ్రవరి

ఆయన వచ్చేరు. సమాధి మీద మట్టి ఇంకా అణగలేదు. కూర్చుని, కొంచెం మట్టి చేతిలోకి తీసుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ అక్కడే పోసేరు.

20 ఫిబ్రవరి

చెప్పేసేను. బిడ్డ లేదని. పోలేదని. అసలు రాలేదని. అత్తయ్య నాకోసం అలా చెప్పిందని, నేనూ అదే రాసేనని.

"నేను ఆ పిల్లకోసం ఏడ్చేను లీలా. ఏడాదినించి. ఎండలో పైపులు మోస్తూ కూడా లోపల మాట్లాడుకునేవాణ్ణి దాంతో" అన్నారు. లేచి బయటికెళ్ళిపోయేరు.

23 ఫిబ్రవరి

మూడురోజులు మాటల్లేవు. ఈరోజు నన్ను కూర్చోబెట్టి, "అమ్మ సంగతి మొదట్నించి చెప్పు" అన్నారు. ప్రార్థన సంగతి కూడా చెప్పేను. రెండు చేతులూ మొహం మీద పెట్టుకున్నారు. "జీవితం మొత్తంమీద ఆ ఒక్క అబద్ధమే ఆడి ఉంటుంది మా అమ్మ" అన్నారు. కోపం పోయిందని కాదు. కోపం పెట్టుకోడానికి చోటు దొరకలేదు ఆయనకి.

30 మార్చి

ఆయన వెళ్ళిపోయేరు. వెళ్ళేముందు నాతో కొత్తపేట వచ్చేరు. గోవిందరాజులుగారు మళ్ళీ మొదట్నించి అన్నీ చెప్పేరు, ఆయనకి అర్థమయ్యేలా. "మళ్ళీ మొదలుపెట్టు తల్లీ. ఎక్కడ ఆపేవో అక్కణ్ణించి కాదు. మొదట్నించి" అన్నారు నాతో.

14 మే

వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత. ఎవరికి చెప్పను? నువ్వులు నేనే వేయించుకున్నాను. మాడిపోయేయి.

2 డిసెంబరు

ముప్పయి ఒకటి. లాకుల దాకా నడక. చోడిరొట్టె. బిడ్డ సంగతి నాకు తెలీదు. గోవిందరాజులుగారికీ తెలీదు. తెలియదని ఆయన చెప్పినందుకే వెళ్తున్నాను ఇప్పటికీ.

9 జూన్ 1985, ఆదివారం

పాలు పోసే వీరాయమ్మ కొత్తకోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. గుమ్మంలోనే నిలబడి, "టీచరుగారూ, దీనికి నెల సరిగ్గా రాదండి. మీకు తెలుసు కదాని తీసుకొచ్చేను. మీరు మాట్లాడండి, నేను బయట కూర్చుంటాను" అంది.

"కాదండి. మీరూ లోపలికి రండి. మీరూ వినాలి" అన్నాను.

ఇద్దర్నీ చాపమీద కూర్చోబెట్టేను. పలక తీసుకుని బొమ్మ గీసేను. గింజ ఎక్కడ పండుతుంది, ఎందుకు పండదు, బుడగలంటే ఏమిటి, చెంపల మీద నూగు ఎందుకొస్తుంది, ఏం తినాలి, ఎంత నడవాలి. ముందు అమలాపురంలో డాక్టరమ్మకి చూపించమన్నాను. తర్వాత కొత్తపేట. ఇది తగ్గేది గాని, ఒక్కసారిగా పోయేది కాదని చెప్పేను. శాపం కాదని ఆ పిల్లవైపు చూసి ఒకసారి, వీరాయమ్మవైపు చూసి ఒకసారి చెప్పేను. ఎక్కడా తొందరపడలేదు. బయట పొద్దువాలింది.

ఆ పిల్ల మొదటిసారి తలెత్తి, "నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా అండి?" అంది.

"ఉన్నారు" అన్నాను.

వాళ్ళు లేచి చెప్పులేసుకుంటున్నారు. నేను వీరాయమ్మ మొహంలోకి చూసేను.

"మీకెలా ఉంటోందండీ ఒంట్లో?"

"నాకేంటండి, ముసిల్దాన్ని" అని నవ్వింది.

నేను నవ్వలేదు. ఆవిడ మణికట్టు పట్టుకుని మళ్ళీ అడిగేను.